గోదావరి డెల్టా గృహాల్లో శక్తి పొదుపు – బాహ్యద్వారాల ఎంపిక: భీమవరం నేపథ్యంలో పరిశీలన

వ్యాస సంగ్రహం

ఇంటికి సింహద్వారం ఎంపిక చేయడంలో మన సమాజం చూపే శ్రద్ధ చాలా పెద్దది. కలప జాతి, చెక్కడపు పని, దిక్కు, ముహూర్తం ఇవన్నీ చర్చకు వస్తాయి. ఆ తలుపు ఇంట్లోకి ఎంత వేడిని రానిస్తుంది, ఎంత గాలిని పంపుతుంది, విద్యుత్ ఖర్చును ఏ మేరకు పెంచుతుంది లేదా తగ్గిస్తుంది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన భీమవరం పరిసరాల శీతోష్ణస్థితిని ఆధారం చేసుకొని, ఇంటి శక్తి పొదుపులో బాహ్యద్వారం స్థానాన్ని నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంప్రదాయ మండువా లోగిలిలో ద్వారం చేసిన పనులను, నేటి డాబా ఇంట్లో అది చేస్తున్న పనులతో పోల్చి, పదార్థాల ఉష్ణ గుణాలను సులభమైన లెక్కలతో పరిశీలించి, ఇంటి మెరుగుదల పనులు ఏ వరుసలో చేపట్టాలో ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బాహ్యద్వారం, గడప, మండువా లోగిలి, ఉష్ణ ప్రసారం, గాలి ప్రసరణ, ఎకో నివాస్ సంహిత, డెల్టా గృహనిర్మాణం.

1. ఉపోద్ఘాతం

శక్తి పొదుపు గురించి ప్రచారంలో ఉన్న సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాల్లో పుట్టినవి. తలుపుల సందులను రబ్బరు పట్టీలతో మూయాలి, ఉష్ణ నిరోధకం నింపిన బయటి తలుపులు అమర్చాలి, ఇంటిని గాలి చొరబడనంత బిగుతుగా కట్టాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో 1991లో నిర్మించిన తొలి ‘పాసివ్ హౌస్’ ఈ ఆలోచనకు పరాకాష్ఠ. ఇంట్లో పుట్టిన వెచ్చదనాన్ని బయటికి పోనివ్వకపోవడమే అక్కడి సమస్య. అక్కడ అది సరైన పరిష్కారమే.

భీమవరంలో సమస్య వేరు. ఇక్కడ సంవత్సరంలో అధిక కాలం ఇంట్లో చేరిన వేడినీ, ఉక్కపోతనూ బయటికి పంపడమే కావలసిన పని. అందుచేత చలి దేశపు సలహాను యథాతథంగా దిగుమతి చేసుకుంటే, డబ్బు ఖర్చయి, ఇల్లు మరింత ఉక్కగా మారే ప్రమాదం ఉంది. అయితే ఇదే ఊళ్ళో ఏసీ అమర్చిన గదికి ఆ సలహా చాలా వరకు వర్తిస్తుంది. ఒకే ఇంట్లో రెండు భిన్న సూత్రాలు పనిచేయడమే ఈ చర్చలోని చిక్కు. దాన్ని విడదీసి చూపకుండా తలుపుల ఎంపిక గురించి మాట్లాడటం నిష్ప్రయోజనం.

2. భీమవరం శీతోష్ణ స్వభావం

జాతీయ భవన నిర్మాణ సంహిత దేశాన్ని ఐదు శీతోష్ణ మండలాలుగా విభజించింది. కోస్తా ఆంధ్ర అందులో ఉష్ణ–ఆర్ద్ర మండలానికి చెందుతుంది. భీమవరానికి తూర్పు, దక్షిణ దిశల్లో సముద్రం దగ్గరగా ఉంది. కాలువలు, వరి చేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఊరిని చుట్టుముట్టి ఉన్నాయి. గాలిలో తేమ ఎక్కువ. తేమ గాలి రాత్రివేళ త్వరగా చల్లబడదు. అందుకే రాయలసీమలో మాదిరిగా పగలు ఎంత కాచినా రాత్రికి చల్లబడుతుందన్న భరోసా డెల్టాలో ఉండదు.

ఎండ దారి కూడా ముఖ్యమైనదే. భీమవరం సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఈ రెంటి నడుమ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా వెళతాడు. దీని పర్యవసానాలు మూడు. మొదటిది, వేసవి ఎండలో సింహభాగం గోడల మీద కాక ఇంటి కప్పు మీద పడుతుంది. రెండవది, దక్షిణపు గోడకు నడివేసవిలో నేరుగా ఎండ తగలదు. మూడవది, తూర్పు పడమర గోడలకు ఏటవాలు ఎండ తగులుతుంది. వీటిలో పడమటి ఎండ మరీ కష్టమైనది. అప్పటికే వేడెక్కిన గాలికి అది తోడవుతుంది.

గాలులు కూడా రెండు రకాలు. వేసవి మధ్యాహ్నాల్లో పడమటి నుంచి వీచే పొడి వడగాలి ఒకటి. సాయంత్రానికి సముద్రం మీదుగా వచ్చే తేమ గాలి మరొకటి. మొదటి దానికి తలుపు మూయాలి, రెండవ దానికి తెరవాలి. మూయడం, తెరవడం అనే ఈ రెండు పనులూ సరిగా చేయగల ద్వారమే డెల్టాకు తగిన ద్వారం.

3. సంప్రదాయ గృహంలో ద్వారం: పదజాలం, ప్రయోజనం

తెలుగులో ద్వార సంబంధమైన పదజాలం విస్తారమైనది. వాకిలి, గుమ్మం, తలుపు, గడప, ద్వారబంధం, రెక్క, గడియ, గొళ్ళెం ఒక్కొక్కటీ ఒక్కొక్క భాగాన్నో, ఒక్కొక్క పనినో సూచిస్తాయి. వాకిలి అనే మాట ద్వారాన్నీ, దాని ముందున్న చోటునూ కూడా చెబుతుంది. గుమ్మం ప్రవేశ స్థానం. తలుపు దాన్ని మూసే సాధనం. వీధి గుమ్మం, పెరటి గుమ్మం అనే జంట పదాలు ఇంటికి కనీసం రెండు బయటి ద్వారాలు ఎదురెదురుగా ఉంటాయన్న భావనను తమలో ఇముడ్చుకున్నాయి. కడప నగర నామాన్ని ‘గడప’ నుంచి వచ్చినదిగా చెప్పుకోవడం పరిపాటి. ఒక నిర్మాణ భాగానికి మన సంస్కృతి ఇచ్చిన స్థానానికి అది గుర్తు.

గోదావరి జిల్లాల మండువా లోగిలిని ఈ దృష్టితో పరిశీలిస్తే, ద్వారం ఒంటరి వస్తువు కాదని తెలుస్తుంది. వీధి అరుగు, వసారా, వీధి గుమ్మం, మండువా, వెనుక వసారా, పెరటి గుమ్మం ఒకే వరుసలో ఉంటాయి. మండువా మీద ఆకాశానికి తెరిచిన చోటు నుంచి వేడి గాలి పైకి పోతుంది. ఆ ఖాళీని భర్తీ చేయడానికి నీడపట్టున ఉన్న వసారాల మీదుగా గాలి లోపలికి వస్తుంది. గాలి వీస్తున్నప్పుడు ఎదురెదురు గుమ్మాలు దాన్ని ఇంటి గుండా నడిపిస్తాయి. గాలి ఆడని వేళ మండువా ఆ పని చేస్తుంది. తలుపు చెక్కకు ఎండ తగలకుండా చూరు కాపాడుతుంది.

గడప ప్రయోజనం కూడా ప్రత్యేకంగా గమనించదగినది. నేల మట్టం కంటే ఎత్తుగా ఉన్న గడపకు తలుపు రెక్క ఆనుకున్నప్పుడు కింది సందు మూసుకుపోతుంది. వాన జల్లు, దుమ్ము, పురుగూ పుట్రా లోపలికి రావు. నేడు బజారులో తలుపు అడుగున అతికించడానికి అమ్మే రబ్బరు పట్టీ చేసే పనిని గడప శతాబ్దాలుగా చేస్తూ వచ్చింది. హాలు నుంచి పోర్టికో దాకా ఒకే మట్టంలో గ్రానైటు పరిచే నేటి పద్ధతిలో, ముఖ్యంగా లోపలి గదుల గుమ్మాలకు, గడప కనుమరుగవుతోంది. ఆ తర్వాత మిగిలిన సందును మూయడానికి మళ్ళీ డబ్బు పెట్టవలసి వస్తోంది. వృద్ధులకు, చక్రాల కుర్చీ వాడేవారికి ఎత్తైన గడప అడ్డంకి అన్నది వాస్తవమే. దానికి అంచులు వాలుగా చెక్కిన తక్కువ ఎత్తు గడప పరిష్కారం. గడపను పూర్తిగా తీసివేయనవసరం లేదు.

కలప విషయానికి వస్తే, గోదావరి మీదుగా తెప్పలు కట్టి రాజమండ్రికి దింపిన మన్యపు కలప, సముద్రం మీదుగా వచ్చిన రంగూను టేకు ఈ ప్రాంతపు పాత ఇళ్ళ దూలాల్లో, ద్వారబంధాల్లో కనిపిస్తాయి. టేకుకు వచ్చిన ప్రతిష్ఠ దాని మన్నిక వల్ల వచ్చింది. దానిలోని సహజమైన నూనె చెదను, తేమను నిరోధిస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే, టేకు తలుపు చల్లదనాన్ని ఇస్తుందన్న నమ్మకాన్ని విడిగా పరీక్షించవలసిన అవసరం స్పష్టమవుతుంది.

4. మారిన ఇల్లు, మారిన లెక్క

పెంకుటిల్లు పోయి డాబా వచ్చినప్పుడు మారినది కప్పు ఒక్కటే కాదు. మండువా మూసుకుపోయింది. వసారా కుదించుకుపోయి సన్‌షేడ్ అయింది. పక్క గోడలు పొరుగింటి గోడలకు దగ్గరయ్యాయి. ఎదురెదురు గుమ్మాల వరుస తెగిపోయింది. పెంకుల సందుల నుంచి వేడి గాలి బయటికి పోయే దారి కూడా మూతపడింది. ఈ మార్పుల భారాన్ని తొలుత పంకా, ఆ తర్వాత ఏసీ మోయవలసి వచ్చింది.

ఒక పదార్థపు పొర గుండా ఎంత వేడి ప్రసరిస్తుందో చెప్పే కొలతను యు-విలువ అంటారు. బయటికీ లోపలికీ ఒక డిగ్రీ ఉష్ణోగ్రత తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు విస్తీర్ణం గుండా ఎన్ని వాట్ల వేడి వెళుతుందో అది తెలుపుతుంది. ఈ విలువ తక్కువగా ఉంటే ఆ పొర వేడిని బాగా ఆపుతున్నట్లు. సాధారణంగా వాడుకలో ఉన్న ఉష్ణ వాహకత విలువలతో లెక్క వేస్తే సుమారుగా ఈ క్రింది ఫలితాలు వస్తాయి.

- 35 మిల్లీమీటర్ల టేకు తలుపు: 2.4
- అంతే మందం గల ఫ్లష్ తలుపు: 2.7
- ఒంటి పొర ఇనుప రేకు తలుపు: 5.9
- రెండు వైపులా సిమెంటు పూత గల తొమ్మిది అంగుళాల ఇటుక గోడ: 2.0
- పైన ఏ రక్షణ పొరా లేని 100 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు: 3.7

ఇప్పుడు 1000 చదరపు అడుగుల, అంటే సుమారు 93 చదరపు మీటర్ల, ఒకే అంతస్తు ఇంటిని తీసుకుందాం. దాని సింహద్వారం 1.05 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు, అంటే 2.2 చదరపు మీటర్లు. ఒక్కో డిగ్రీ తేడాకు టేకు తలుపు గుండా 5 వాట్లు, ఇనుప తలుపు గుండా 13 వాట్లు వెళతాయి. అదే తేడాకు కప్పు గుండా 340 వాట్లు వస్తాయి. ఇనుప తలుపు తీసి టేకు తలుపు పెడితే తగ్గేది 8 వాట్లు. కప్పు యు-విలువను 1.2కు తగ్గిస్తే తగ్గేది దాదాపు 229 వాట్లు. ఇది సుమారు ముప్పై రెట్ల తేడా. పైగా మే నెల ఎండలో నల్లబడిన కాంక్రీటు కప్పు ఉపరితలం 60 డిగ్రీలను దాటగలదు. వసారా నీడలో ఉన్న తలుపు గాలి ఉష్ణోగ్రతకు అటూ ఇటూగానే ఉంటుంది. కనుక వాస్తవంలో అంతరం ఇంకా ఎక్కువ.

ఈ లెక్క నుంచి రెండు నిర్ధారణలు వస్తాయి. టేకుకూ ఫ్లష్ తలుపుకూ మధ్య శక్తి దృష్టితో చెప్పుకోదగిన భేదం లేదు. మంచి చెక్క తలుపు ఇటుక గోడతో దాదాపు సమానంగా వేడిని ఆపుతుంది కనుక, తలుపు మందాన్ని పెంచడం వల్ల ఇల్లు చల్లబడదు. టేకును అందానికి, మన్నికకు, భద్రతకు ఎంచుకోవచ్చు. విద్యుత్ పొదుపు కోసం మాత్రం కాదు.

5. శక్తి దృష్టితో బాహ్యద్వారం చేసే పనులు

తలుపు గుండా ప్రసరించే వేడి స్వల్పమైతే, శక్తి పొదుపులో బాహ్యద్వారానికి స్థానం లేదా? ఉంది. అది తలుపు చెక్కలో కాక, ద్వారం అనే ఖాళీలో ఉంది.

5.1 గాలి దారి: కేంద్ర ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరు 14న వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ నివాస భవనాల బాహ్య ఆచ్ఛాదనకు ప్రమాణాలను నిర్దేశించింది. అది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లోని నిర్మాణాలను దృష్టిలో పెట్టుకొన్నది. అయినా చిన్న ఇళ్ళకు కూడా కొలబద్దగా ఉపయోగపడుతుంది. ఉష్ణ–ఆర్ద్ర మండలంలో నేల విస్తీర్ణంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు, తెరవగలిగే ఖాళీగా ఉండాలని అది సూచిస్తుంది. చలి మండలానికి సూచించిన 8.33 శాతానికి ఇది రెట్టింపు. ఈ లెక్కలో కిటికీలతో పాటు నేరుగా బయటి గాలికి తెరుచుకునే తలుపులను కూడా చేర్చడం గమనార్హం. పైన చెప్పుకున్న 93 చదరపు మీటర్ల ఇంటికి 15.5 చదరపు మీటర్ల ఖాళీ కావాలి. సింహద్వారం, పెరటి తలుపు కలిసి అందులో 4.4 చదరపు మీటర్లను, అంటే నాలుగో వంతుకు పైగా, ఇవ్వగలవు.

అయితే అవి తెరిచి ఉంటేనే ఇస్తాయి. డెల్టాలో సంధ్యవేళ కాగానే దోమల భయంతో తలుపులు మూసుకోవడం సర్వసాధారణం. బోదకాలు వ్యాధికి ఒకప్పటి నుంచి పేరుపడిన ప్రాంతంలో ఆ భయం నిరాధారమైనది కాదు. కాని సముద్రపు గాలి వచ్చేది సరిగ్గా ఆ వేళకే. పగలంతా వేడెక్కిన కప్పు రాత్రి పూట ఆ వేడిని లోపలికి వదులుతుంటే, దాన్ని తీసుకుపోవలసిన గాలి బయటే ఆగిపోతుంది. కనుక భీమవరంలో శక్తిని పొదుపు చేసే బాహ్యద్వారం ఏదని అడిగితే, ఇచ్చే మొదటి సమాధానం దోమల జాలీ తలుపు. వెలుపల ఇనుప కటకటాల తలుపుకు సన్నని స్టీలు జాలీ బిగించి, లోపల చెక్క తలుపు ఉంచితే, రాత్రి కటకటాలకు తాళం వేసి చెక్క తలుపు తెరిచి పడుకోవచ్చు. దొంగల భయం, దోమల బాధ, ఉక్కపోత మూడింటికీ అది ఒకే ఏర్పాటు. జాలీ గాలిని కొంత అడ్డుకుంటుంది. ఎప్పటికప్పుడు దుమ్ము దులిపితే ఆ నష్టం తగ్గుతుంది.

గాలి ఆడే ఇంట్లో ఎంత వేడి సహ్యం అన్నది కూడా ఇక్కడ ఆలోచించాలి. భారతీయ భవనాల్లో జరిపిన క్షేత్ర అధ్యయనాల ఆధారంగా 2014లో రూపొందిన అనుకూలత నమూనా ప్రకారం, బయటి సగటు ఉష్ణోగ్రత 33 డిగ్రీలు ఉన్నప్పుడు, సహజంగా గాలి ఆడే భవనంలోని వారికి సుమారు 30.7 డిగ్రీలు సుఖంగా అనిపిస్తుంది. దానికి రెండు డిగ్రీలకు పైగా అటూ ఇటూ కూడా అత్యధికులకు ఆమోదయోగ్యమే. గాలి ఆడే ఇంట్లో ఏసీ అవసరమయ్యే రోజులు తక్కువ కావడానికి ఇదే శాస్త్రీయ ఆధారం.

5.2 బిగింపు: ఏసీ గదికి సూత్రం తలకిందులవుతుంది. 1.05 మీటర్ల వెడల్పు గల తలుపుకు మూడు వైపులా 3 మిల్లీమీటర్లు, అడుగున 10 మిల్లీమీటర్లు సందు ఉందనుకుందాం. ఆ సందులన్నీ కలిపితే సుమారు 262 చదరపు సెంటీమీటర్లు. అంటే గోడకు 16 సెంటీమీటర్ల చతురస్రపు కన్నం పెట్టినట్లే.

ఆ కన్నం నుంచి వచ్చేది వేడి ఒక్కటే అయితే అంత చింత లేదు. బయటి గాలి 35 డిగ్రీల వేడి, 65 శాతం తేమతో ఉండి, గది 26 డిగ్రీలు, 55 శాతం తేమతో ఉంటే, లోపలికి వచ్చిన ప్రతి కిలో గాలిని చల్లబరచడానికి 9 కిలోజౌళ్ళు తీయాలి. దానిలోని అదనపు తేమను నీరుగా మార్చడానికి మరో 29 కిలోజౌళ్ళు తీయాలి. డెల్టాలో ఏసీ శ్రమలో పెద్ద వాటా తేమను పిండడానికే పోతుందని దీనివల్ల అర్థమవుతుంది. పొడి ప్రాంతాల్లో సందు మూయడం కన్నా ఇక్కడి ఏసీ గదిలో సందు మూయడం విలువైనది కావడానికి కారణం ఇదే.

కాబట్టి రబ్బరు పట్టీలు, కింది అంచు బ్రష్షులు సింహద్వారానికి కాక, ఏసీ ఉన్న పడకగది తలుపుకు ముందుగా అమర్చాలి. ఆ గది నుంచి బాల్కనీకో పెరటికో తెరుచుకునే బయటి తలుపు ఉంటే దానికీ అమర్చాలి. ఏసీ పనిచేయని వేళ ఆ గదినీ తెరిచి గాలి మార్చడం ఆరోగ్యానికి అవసరం.

5.3 నీడ: దక్షిణ ద్వారానికి సాధారణమైన సజ్జ చాలు. తూర్పు పడమర ద్వారాలకు ఎండ ఏటవాలుగా కిందినుంచి వస్తుంది కనుక సజ్జ ఒక్కటే చాలదు. లోతైన వసారా, వెదురు తడిక, చెట్టు నీడ కావాలి. వడగాలి వీచే పొడి మధ్యాహ్నాల్లో తడిపిన వట్టివేళ్ళ తెర గాలిని గణనీయంగా చల్లబరుస్తుంది. తేమ గాలి వీచే రోజుల్లో అది ఉక్కను పెంచుతుందే తప్ప చల్లబరచలేదు. వాస్తు విశ్వాసం రీత్యా దిక్కు ముందే నిర్ణయమై ఉండవచ్చు. ఆ దిక్కుకు తగిన నీడను అమర్చడం ఏ విశ్వాసానికీ విరుద్ధం కాదు.

5.4 వాన, తుఫాను: 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమను అతలాకుతలం చేసిన తీరు గోదావరి జిల్లాల వారికి జ్ఞాపకమే. గాలికి ఎదురుగా ఉన్న తలుపు ఊడిపోతే లోపలి పీడనం పెరిగి రేకుల కప్పును, పెంకుల కప్పును పైకి నెడుతుంది. అందువల్ల బయటి తలుపుకు పైనా కిందా గడియలు ఉండాలి. ద్వారబంధాన్ని గోడలోకి ఇనుప హోల్డ్‌ఫాస్ట్‌లతో బిగించాలి. శక్తి పొదుపు పేరుతో తేలికైన తలుపును బయట అమర్చడం ఈ కారణం చేత తగదు.

6. పదార్థాల ఎంపిక

టేకు వంటి గట్టి కలప: కలప గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. కలపలోని తేమ 5 శాతం మారితే 300 మిల్లీమీటర్ల వెడల్పు గల టేకు పలక 2 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా మారగలదు. వానాకాలంలో తలుపు పట్టేయడం, వేసవిలో సందులు విచ్చుకోవడం ఇందువల్లనే. చట్రంలో గాడి తీసి, పలకలను మేకులు కొట్టకుండా వదులుగా కూర్చే పాత వడ్రంగి పద్ధతి ఈ కదలికకు చోటిస్తుంది. ఆరబెట్టిన కలపనే కొనాలి. వానాకాలంలో ఉబ్బిన తలుపును అతిగా చిత్రిక పట్టిస్తే వేసవికి సందు మిగులుతుంది. తలుపు పై అంచుకు, కింది అంచుకు కూడా రంగో వార్నిషో వేయాలి. తేమ ఎక్కువగా చొరబడేది రంగు వేయని ఆ అంచుల నుంచే.

ఫ్లష్ తలుపు: దీనికి ఐఎస్ 2202 ప్రమాణం ఉంది. వాన జల్లు తగలని చోట, నీటిని తట్టుకునే జిగురుతో చేసిన గట్టి లోపలి పొర గల రకం సరిపోతుంది. లోపల బోలుగా ఉండే రకాన్ని బయటి గుమ్మానికి వాడకూడదు.

ఇనుము: భద్రత ఎక్కువ. కాని ఎండ పడే చోట రేకు కాగి గదిలోకి వేడిని వెదజల్లుతుంది. సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. ఇనుమును రేకు తలుపుగా కాక కటకటాల తలుపుగా వాడటం ఉచితం. పడమటి ముఖంగా రేకు తలుపు ఇప్పటికే ఉంటే, లేత రంగు వేసి నీడ కల్పించడం చౌకైన సవరణ.

యూపీవీసీ, డబ్ల్యూపీసీ: చెద పట్టవు, తేమకు ఉబ్బవు. అంచుల్లో రబ్బరు పట్టీలతో వచ్చే యూపీవీసీ తలుపులు ఏసీ గదికి, పెరటి వైపుకు అనువైనవి. పక్కకు జరిగే రకంలో ఒకసారికి సగం ఖాళీయే తెరుచుకుంటుంది కనుక, గాలి కావలసిన చోట రెక్కలుగా తెరుచుకునే రకమే మేలు.

గాజు: పోర్టికో వైపు పెద్ద గాజు తలుపులు పెట్టడం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. గాజు గుండా నేరుగా వచ్చే ఎండ వేడి ఏ చెక్క తలుపు గుండా వచ్చే వేడితోనూ పోల్చదగినది కాదు. తూర్పు పడమరలకు నీడ లేకుండా గాజు తలుపు పెట్టడం డెల్టాకు పొసగదు.

7. మెరుగుదల పనుల వరుస

పై పరిశీలనను బట్టి, ఉన్న ఇంటిని మెరుగుపరచదలచినవారు ఈ వరుసను పాటించవచ్చు.

మొదటిది కప్పు. తెల్లని పూత, పగిలిన తెల్ల పింగాణీ పెంకుల పరుపు తక్కువ ఖర్చుతో ఎండను వెనక్కు పంపుతాయి. సున్నపు పూత అందరికీ అందుబాటులో ఉన్నా, వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేసవికి ముందు వేయాలి. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే కప్పుపై సుమారు 20 మిల్లీమీటర్ల ఉష్ణ నిరోధక పలకలు పరచి, వాటిమీద సిమెంటు పొర వేస్తే యు-విలువ సంహిత సూచించిన 1.2 పరిమితికి దగ్గరవుతుంది. మన పెద్దల చలువ పందిరి కూడా ఇదే సూత్రం మీద పనిచేసింది. మేడ మీద పక్కలు తెరిచిన రేకుల షెడ్డు దానికి నేటి రూపం. తుఫాను గాలికి లేవకుండా దాన్ని గట్టిగా బిగించడం తప్పనిసరి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించడం ఈ అంశానికి వచ్చిన ప్రాధాన్యాన్ని తెలుపుతుంది.

రెండవది గాలి దారి: జాలీ తలుపులు, ఎదురెదురు ఖాళీలు, మూసుకుపోయిన వెంటిలేటర్ల పునరుద్ధరణ. మూడవది తూర్పు పడమర గుమ్మాలకు, కిటికీలకు నీడ. నాలుగవది ఏసీ గది తలుపు బిగింపు. ఏసీని 24 డిగ్రీలకు పైన ఉంచి పంకాను తోడు చేయడం కూడా ఇక్కడే చేరుతుంది. ఒక్కో డిగ్రీ పెంపుకు సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బ్యూరో అంచనా. ఐదవది పరికరాలు. 75 వాట్ల పాత పంకా స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ పంకా పెడితే, రోజుకు 15 గంటల వాడకంతో ఏడాదికి దాదాపు 246 యూనిట్లు మిగులుతాయి. చివరిది సౌర ఫలకాలు. 2024లో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల ఏర్పాటుకు 78,000 రూపాయల రాయితీ ఉంది. ముందు వాడకాన్ని తగ్గించుకుంటే, తర్వాత కావలసిన ఫలకాల సంఖ్య కూడా తగ్గుతుంది.

సింహద్వారం మార్పు ఈ జాబితాలో ప్రత్యేకంగా లేదు. పాత తలుపు చెడి, ఎలాగూ మార్చవలసి వచ్చినప్పుడు ఆరో ప్రకరణంలోని సూచనలను పాటిస్తే చాలు. అద్దె ఇళ్ళలో ఉండేవారు కప్పును మార్చలేరు. కాని విప్పి తీసుకుపోగల జాలీ చట్రాలు, తలుపు పట్టీలు, వెదురు తడికలు, పంకాలు వారి అందుబాటులోనివే.

8. ముగింపు – నిర్ధారణలు

- ఉష్ణ–ఆర్ద్ర డెల్టాలో తలుపు పదార్థం గుండా ప్రసరించే వేడి, కప్పు గుండా వచ్చే వేడితో పోలిస్తే అత్యల్పం. ఖరీదైన కలప శక్తి పొదుపు సాధనం కాదు.
- బాహ్యద్వారపు అసలు విలువ అది ఇచ్చే గాలి దారిలో ఉంది. కటకటాలు, జాలీ, చెక్క తలుపు కలిసిన జంట ద్వారం భీమవరం పరిస్థితులకు మిక్కిలి అనువైనది.
- గాలి ఆడే ఇంటికి తెరుపు, ఏసీ గదికి బిగింపు సూత్రాలు. ఈ రెంటినీ కలగాపులగం చేయరాదు. తేమ కారణంగా ఏసీ గది సందుల నష్టం ఇక్కడ పొడి ప్రాంతాల కంటే ఎక్కువ.
- గడప, వసారా, ఎదురెదురు గుమ్మాలు, చలువ పందిరి అలంకారాలు కావు. అవి ఉష్ణ నియంత్రణ సాధనాలు. వాటి పనిని గుర్తించి నేటి ఇంటికి అన్వయించాలి.

భీమవరం వంటి పట్టణంలో ఇల్లు కట్టుకోవడం చాలా కుటుంబాలకు జీవితకాలపు పెట్టుబడి. సింహద్వారపు చెక్కడానికి కేటాయించిన మొత్తంలో కొంత భాగాన్ని కప్పు మీద తెల్లని పొరకూ, గుమ్మానికి జాలీ తలుపుకూ మళ్ళిస్తే, ఆ ఇంట్లో పగలంతా గడిపే వృద్ధులకు, పసిపిల్లలకు, వంటింట్లో పనిచేసే స్త్రీలకు ప్రతి వేసవిలోనూ దాని ఫలం దక్కుతుంది. డెల్టా పట్టణాల్లోని ఇళ్ళలో కప్పు, గది ఉష్ణోగ్రతలను, జాలీ తలుపుల వల్ల కలిగే గాలి వేగపు మార్పును కొలిచే క్షేత్ర పరిశోధనలు స్థానిక ఇంజనీరింగ్ కళాశాలల్లో చేపట్టదగినవి. మండువా లోగిలి నిర్మాణ పదజాలాన్ని దాని ఉష్ణ ప్రయోజనాలతో సహా సేకరించడం భాషాశాస్త్ర, జానపద విజ్ఞాన పరిశోధకులకు ఎదురుగా ఉన్న పని.